ఓనరు కారు తాళం పలకని రోజు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చిన్నకోడలు రాస్తోంది. రాసిన పేజీ రాసినట్టే పైకి చదివించుకుంటున్నాను. మన మాట చదువుకున్నవాళ్ల చేతిలో పడితే మన మాటగానే బయటికి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. కోడలు నవ్వుతోంది. నవ్వనీ.

కొత్తగా కార్లు కొనుక్కునే పిల్లలూ, ఆ కార్లున్న ఓనర్ల దగ్గర పనికి కుదిరే పిల్లలూ వినాల్సిన సంగతి ఇది. కారు నడపడం నాకు రాదు. కారు తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుందో మాత్రం ఒకసారి చూశాను. ఆ ఒక్కసారి చాలు.

మాచర్ల బయట ఒక నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో నేను పనిచేశాను. మా ఆయన క్వారీలో పోయాక చేరాను, మోకాళ్లు మొరాయించాక మానేశాను. నా గొంతు ఇలా గరగరలాడుతుందంటే అక్కడి దుమ్ము పుణ్యమే. ఫోన్‌లో హలో అంటే అవతలివాళ్లు "చెప్పు బాబాయ్" అంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు బాబాయిగానే మాట్లాడి పెట్టేస్తున్నాను.

నాపబండ కోత మిషను దిగేసరికి దాని ఒంటి మీద చిన్న చిన్న గుంటలు, చీలికలు ఉంటాయి. వాటిలో లప్పం కూరడం ఆడవాళ్ల పని. రాతిపొడి, జిగురు, గట్టిపడే మందు కలిపి ముద్ద చేసి, రేకుముక్కతో గుంటలోకి నొక్కి, మీద సాపు చేస్తాం. ఆరాక పాలిష్ పడితే అక్కడ గుంట ఉండేదని కొనేవాడికి తెలియదు. చేరిన కొత్తలో, ఇది మోసం కాదా అని అడిగాను. "పెళ్లిచూపులప్పుడు నువ్వు పౌడరు కొట్టుకోలేదేంటే?" అంది మా వదిన.

వదిన అంటే రక్తసంబంధం కాదు. రెంటచింతలలో మా వీధే. ఇద్దరం ఒకే బస్సులో పనికి వచ్చేవాళ్లం, ఆదివారం చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుని పూజ వినేవాళ్లం. నాకన్నా పెద్దది. నోరు చానా పెద్దది. చెయ్యి మాత్రం బంగారం. ఆమె పూసిన లప్పం మీద వేలు పెట్టి తడిమినా ఎక్కడ రాయి ఆగిందో, ఎక్కడ లప్పం మొదలైందో అందేది కాదు.

మా ఓనరు చెడ్డవాడని చెప్పను. అనుమానపు మనిషి. సాయంత్రం మేం ఇంటికి పోయేటప్పుడు టిఫిన్ డబ్బాలు మూత తీసి చూపించమనేవాడు. బండల ఫ్యాక్టరీ నుంచి టిఫిన్ డబ్బాలో ఏం పట్టుకుపోతాం?

"బండ పెట్టుకుపోతన్నా అయ్యా. ఇంటికి పోయి పులుసులో ఏసుకుంటా" అని వదిన రోజూ డబ్బా ఆయన ముక్కు కిందికి నెట్టేది.

ఆయనా రోజూ వంగి చూసేవాడు.

ఆయన మమ్మల్ని అనుమానిస్తే మేం ఊరుకుంటామా? ఆయన నవ్వితే ఎందుకు నవ్వాడని ఆలోచించేవాళ్లం. పండక్కి చీర పెడితే ఎక్కడ చిరుగుందోనని వెలుతురుకు పట్టి చూసేవాళ్లం. ఫ్యాక్టరీ అలాగే నడిచింది, ఏళ్ల తరబడి, ఒకరి మీద ఒకరం కన్ను వేసుకుని.

అలాంటి మనిషి కారు కొన్నాడు. బూడిద రంగు, అచ్చం మా బండ రంగు. దాని తాళంచెవి తాళంచెవిలా ఉండదు. సగం అరిగిన సబ్బుబిళ్లంత నల్లటి డబ్బా. అది జేబులో ఉంటే చాలు, తలుపు పిడి మీది బొత్తాం నొక్కితే తెరుచుకుంటుంది. లోపల కూడా తిప్పే పని లేదు, బొత్తామే. అది చూసి మేం నోళ్లు తెరిస్తే ఆయనకు గుండె జారింది. ఈ డబ్బా ఎవడి చేతిలో పడితే వాడిదే గదా కారు అనుకున్నాడు.

చెప్పులు కుట్టే అతని దగ్గరికి పోయి ఆ డబ్బాకు తోలు తొడుగు కుట్టించాడు. నాలుగు పక్కలా కుట్టు. బొత్తాలు తోలు మీద నుంచే నొక్కాలి. దుమ్ము పోకుండా అని పైకి చెప్పాడు. షోరూమువాళ్లు ఇచ్చిన రెండో తాళాన్ని నరసరావుపేట బ్యాంకు లాకరులో, వాళ్లావిడ నగల పక్కన పెట్టి వచ్చాడు. తాళంచెవికి తాళం వేసిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఎండాకాలం మొదట్లో కారు లోపలి తెర మీద తాళం బొమ్మ, ఏవో ఇంగ్లీషు ముక్కలు రావడం మొదలైంది. గుమాస్తా చదివాడు.

"తాళంలో బ్యాటరీ అయిపోవస్తందంటయ్యా. బిళ్లంత ఉంటది. గడియారాల కొట్లో దొరుకుద్ది."

ఓనరు నవ్వాడు. "నీకు తెలవదురా. మనల్ని మళ్లీ షోరూముకి రప్పించటానికి వాళ్లు లోపల పెట్టిన మాయ అది. బిళ్ల కోసం పోతే ఇంజినుదాకా విప్పుతారు."

గుమాస్తా ఆ మాట మాకు చెబితే, ఓనరు అన్నది నిజమేననిపించింది. ఒక్క ఆ విషయంలో ఓనరుకీ మాకూ ఏకాభిప్రాయం.

పిల్లలూ, కారు ఏదన్నా చెబితే వినండి. అది మీ మీద కుట్ర చేసే తీరిక ఉన్నది కాదు.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం అన్నాలు తిని లేచాం. షెడ్డు గోడకు బండలు నిలువుగా ఆనించి వరసలు పెడతారు. ఒక వరస కింద పెట్టిన చెక్క జారింది. ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అని దాని మీద తర్వాత పెద్ద రచ్చే అయింది. బండలు పడేటప్పుడు పెద్ద తొందరేమీ ఉండదు. మెల్లగా ఒంగుతాయి, ఆ మీదట ఒక్కసారే కూలతాయి. వదిన చెయ్యి తుడుచుకుంటూ వాటి ముందు నుంచి నడుస్తోంది.

రాళ్ల మోత ఆగాకనే ఆమె అరుపు మాకు వినబడింది. మగవాళ్లు గడ్డపారలతో బండలు లేపితే నేనూ ఇంకొకామె బయటికి లాగాం. కుడికాలు మోకాలి కింద ఉండాల్సిన తీరులో లేదు. నా పైటకొంగు చింపి కట్టాను. కట్టింది కట్టినట్టే తడిసిపోయింది. ఎవరో మోటారుసైకిలు తెచ్చారు, మధ్యలో కూర్చోబెట్టుకు పోదామని. లేపబోతే కళ్లు తేలేసింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద పోయింది, తిరిగి రావాలి అన్నారు. బండల ట్రాక్టరు లోడుతో వెళ్లిపోయింది. ఎదురుగా వేపచెట్టు నీడన ఓనరు కారు.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "కార్లో ఎక్కించండి" అన్నది ఆయనే, మేం అడగకముందే. అది చెప్పకపోతే తప్పు.

నలుగురు వదినను గోనెపట్టా మీద మోసుకొచ్చారు. ఓనరు తలుపు బొత్తాం నొక్కాడు. కారు పలకలేదు. జేబులోంచి తాళం తీసి నొక్కాడు. పలకలేదు. రోజూ కుయ్ కుయ్ మని కన్నుగీటే కారు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది.

"తెరవండయ్యా!"

"నొక్కతన్నానుగా! పలకట్లా!"

"పొద్దున పలికిందిగా" అన్నాడు మేస్త్రి. మా మగవాళ్ల ముఠాకి ఆయనే పెద్ద. గోనెపట్టా ఒక కొస ఆయన చేతిలోనే ఉంది.

వెనకనుంచి ఒక గొంతు: "కొత్త సీట్లు గదా. రత్తం అంటుద్దని."

ఎవరన్నారో తెలియదు. అన్నది ఒకరు. అనుకున్నది అందరం. నేను కూడా.

ఆ మాట ఓనరు విన్నాడు. ఆయన ముఖం నేను చూశాను. అబద్ధం పట్టుబడ్డ మనిషి ముఖం అలాగే ఉంటుంది. నిజం చెబుతున్నా ఎవరూ నమ్మని మనిషి ముఖమూ అలాగే ఉంటుంది. చూసి చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన తాళం నా మీదికి విసిరాడు.

"నువ్వే నొక్కమ్మా! నాటకం ఆడతన్నానా నేను? నొక్కు!"

నెత్తురు చేతులతోనే నొక్కాను. తోలు మీద నుంచి అందడం లేదేమోనని రెండు బొటనవేళ్లు పెట్టి నొక్కాను. ఎక్కడా దీపం వెలగలేదు, చప్పుడు లేదు. అయినా నా మనసుకు ఏమనిపించిందో తెలుసా? లోపలి బిళ్ల ముందే తీసేశాడు అనిపించింది. బండలు పడతాయని ఆయనకు ముందే ఎలా తెలుసు? అప్పుడు నన్ను నేను ఆ మాట అడగలేదు.

ఆయన బుర్ర కూడా అదే దారిన పోయింది. "అన్నం తినేటప్పుడు చొక్కా కొక్కేనికి తగిలించా. ఎవడ్రా నా తాళం ముట్టుకుంది?"

"నీ తాళం మాకెందుకయ్యా! మనిషి పోతంది ఈడ!" అని మేస్త్రి అరిచాడు.

ఓనరు ఫోన్ తీసి షోరూముకు కలిపాడు. కలవగానే చెట్టు అవతలికి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. మేస్త్రి నా వైపు చూసి, "టయిం గడుపుతన్నాడు. అంబులెన్సు వస్తే సీటు దక్కుద్ది" అన్నాడు. నేను తలాడించాను. ఆయన ఎందుకు పక్కకు పోయాడో తర్వాత గుమాస్తా చెప్పాడు. కారు తెరిచే కిటుకు మా చెవిన పడకుండా ఉండాలనట. కాలు నలిగిన మనిషి గోనెపట్టా మీద మూలుగుతుంటే కూడా ఆయనలోని ఆ బుద్ధి పక్కకు జరగలేదు.

తిరిగొచ్చి గుమాస్తా దగ్గర కత్తి తీసుకుని తోలు తొడుగు కుట్లు కోశాడు. నా ముందే కోశాడు. డబ్బా పక్కన చిన్న మీట ఉంది. దాన్ని జరిపి లాగితే లోపలనుంచి సన్నటి ఇనప తాళంచెవి ఊడి వచ్చింది. అది తీసిన సందులో గోరు పెట్టి మూత విప్పాడు. బిళ్ల ఉంది. ఎవరూ తియ్యలేదు. దాన్ని చొక్కాకు రుద్ది మళ్లీ పెట్టి నొక్కాడు. కారు పలకలేదు.

పిల్లలూ, ప్రతి డబ్బా తాళం కడుపులో ఇలాంటి ఇనప తాళంచెవి ఒకటి ఉంటుందట. కొన్న రోజే లాగి చూసుకోండి. అది దూరే కన్నం ఎక్కడుందో కూడా ఆ రోజే చూసుకోండి. ఎందుకంటే మాకు తాళంచెవి దొరికింది, కన్నం దొరకలేదు.

ఓనరు తలుపు దగ్గర వంగాడు. పిడి పక్కన తడిమాడు. "ఈడే అన్నాడే" అంటూ ఇంకా కిందికి తడిమాడు. అక్కడంతా నున్నగా, బూడిదరంగుగా ఉంది. తడుముతున్న చెయ్యి ఒకచోట ఆగింది.

"అయ్యో" అన్నాడు.

ఈయన నటించడం లేదని నాకు ఆ అయ్యోతో తెలిసింది. అంతకుముందు తెలియలేదు.

కారు కొన్న కొత్తలో ఆ పిడి పక్కన సన్నటి చీలిక ఒకటి ఆయన కంటపడిందట. జేబులో తాళముంటే తెరుచుకునే కారుకు చీలిక ఎందుకు? ఎవడో తీగ దూర్చి తెరుస్తాడు, లేదంటే దుమ్మన్నా దూరుతుంది. అందుకని లప్పం పెట్టించి పూడ్పించాడు. మా ఫ్యాక్టరీలో ఎక్కడ కన్నం కనబడ్డా అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. ఎవరి చేత పూడ్పించాడో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కారు రంగుకు కలిసేలా పొడి కలిపి, అంచు వేలికి అందకుండా సాపు చేసిన ఆ పని మా షెడ్డులో ఒక్క చేతికే వచ్చు. ఆ చెయ్యి అప్పుడు నా చిరిగిన కొంగు పట్టుకుని ఉంది.

ఓనరు నా వైపు చూశాడు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

మేస్త్రి సన్న ఉలి పెట్టి గీకాడు. పొడి కూడా రాలలేదు. మా లప్పం రాయి కన్నా గట్టిదని కొనేవాళ్లకు గొప్పగా చెప్పేవాళ్లం, అది నిజమేనని ఆ రోజు తేలింది. ఉలి పారేసి సుత్తి అందుకున్నాడు. అద్దం మీదికి ఎత్తాడు. ఓనరు అడ్డం నిలబడ్డాడు.

"ఆగు!"

ఆ "ఆగు" తర్వాత మాచర్లంతా తిరిగింది, రెంటచింతల దాకా వచ్చింది. ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం ఫ్యాక్టరీ గేటు దాటలేదు. మేస్త్రి చేతిలోని సుత్తి లాక్కుని ఆయనే కొట్టాడు. మొదటి దెబ్బకు అద్దం ఊరికే మోగింది. రెండో దెబ్బకు గలగలా రాలింది. ఆగమన్నది అద్దం మీద ప్రేమతోనా, తానే కొట్టాలనా? ఆ సంగతి నేను ఆయన్ని ఎన్నడూ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, దాన్ని నేను నమ్మను.

లోపలికి చెయ్యి పెట్టి తలుపు తెరవగానే కారు ఊళ పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఊళకు పక్క ఫ్యాక్టరీవాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చారు, దొంగలు పడ్డారని. వచ్చి చూస్తే అద్దం పగిలిన కారు. నెత్తురు చేతులతో నేను. సుత్తి పట్టుకుని ఓనరు. ఎవర్ని కొట్టాలో తేలక అలాగే నిలబడిపోయారు.

షోరూమతను చెప్పినట్టు, ఓనరు ఆ చచ్చిన తాళాన్నే స్టార్టు బొత్తానికి ఆనించి నొక్కాడు. ఊళ ఆగింది, ఇంజిను లేచింది. బ్యాటరీ చచ్చినా అంత దగ్గరగా ఆనిస్తే కారు తన తాళాన్ని గుర్తుపడుతుందట.

వదిన తల నా ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. అద్దం లేని కిటికీ నుంచి వడగాలి కొడుతోంది. ఆమెకు తెలివి వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు అడిగింది.

"ఏమే. ఇందాక చచ్చిందన్నాడు. ఇప్పుడెట్టా లేచింది?"

"మాట్లాడబాక వదినా."

"సీటు చూసుకున్నాడే. నా కాలు చూళ్లేదు."

"నాకు వినపడతంది తల్లీ" అన్నాడు ఓనరు, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా.

"వినపడాలనే" అంది వదిన. మళ్లీ కళ్లు మూసింది.

మాచర్లలో కట్టుకట్టి నరసరావుపేటకు పంపారు. కాలు తీసెయ్యాల్సి రావచ్చన్నారు. తీయలేదు. ఊచలు వేసి నిలబెట్టారు. కొంచెం పొట్టయింది, కొంచెం వంకర పోయింది. ఆలస్యం వల్ల వంకర రాలేదు, ఎముక నలిగిన తీరే అంత అని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది ఎవరు? ఓనరు. ఇంక ఆ మాటను నమ్మేదెవరు?

వదినకు ఒక తమ్ముడున్నాడు, పొలం పనులు చేసుకునే మనిషి. నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. వైద్యం ఖర్చంతా ఓనరే పెట్టుకున్నాడు, అడగకుండానే. వీళ్లు వచ్చింది దానికోసం కాదు. కావాలనే తలుపు తియ్యలేదని ఓనరు తన నోటితో ఒప్పుకోవాలి. షెడ్డులో బండల మీదే కూర్చున్నారు. నన్ను పిలిచారు.

"నువ్వు పక్కనే ఉన్నావక్కా. మా అక్కకి నువ్వు తోబుట్టువు లెక్క. చెప్పు. తాళం నిజంగా చచ్చిందా, చచ్చినట్టు నటించాడా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. వాళ్లకు కావాల్సిన జవాబు వాళ్ల కళ్లలోనే ఉంది, నేను నోటితో అంటే చాలు. ఆ జవాబు చెప్పాలని నాకూ ఉంది. మా డబ్బాలు మూత తీయించిన మనిషి గదా, ఒక్కరోజు ఈయన మూత తీస్తే ఏం అనుకున్నాను. కానీ నొక్కింది నా వేళ్లు.

"నేనే నొక్కాను. పలకలా" అన్నాను. "నటించలా."

"లోపల బిళ్ల తీసేసుంటే?"

"తోలు కుట్టేసుంది. కుట్లు నా ముందే కోశాడు. బిళ్ల దాన్లోనే ఉంది. కళ్లారా చూశా."

"మరి కన్నం ఎవుడు పూడ్చాడు?"

ఓనరు తలెత్తకుండానే, "నేను పూడ్పించా. దొంగల బయ్యానికి" అన్నాడు.

తర్వాతి మాట కోసం నేను కాచుకుని కూర్చున్నాను. పూసింది మీ అక్కే అంటాడు, ఇప్పుడంటాడు అని. అంటే ఆ నలుగురూ లేచి దులుపుకుని పోయేవాళ్లే. ఆయన అనలేదు. ఎందుకనలేదో ఈ రోజుకీ నాకు తేలలేదు. మంచితనం అయ్యుండొచ్చు. పని చేసినామెనే తప్పు పట్టాడన్న పేరు దానికన్నా చెడ్డదన్న లెక్క అయ్యుండొచ్చు. రెండూ అయ్యుండొచ్చు.

వదిన తమ్ముడు లేచి, కండువా దులిపి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు. "ఏం పెడతానన్నాడక్కా నీకు?"

నాకు మాత్రమే అనుకున్నాను. మర్నాటికి బస్సులో అందరికీ తెలుసు. నాకు సీటు ఆపే ఆడవాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకోకుండా పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టారు. మేస్త్రి కూడా, తాళం పలకలేదని కళ్లారా చూసినవాడే, "ఏమో పిన్నీ, నువ్వట్టా గట్టిగా చెప్పటమే నాకు అనుమానంగా ఉంది" అన్నాడు.

వదినను చూడడానికి వాళ్లింటికి పోయాను, పప్పుచారు గిన్నెతో. గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆడ పెట్టి పో."

"నేను అబద్ధం చెప్పలేదు వదినా."

"చెప్పావని ఎవురన్నారు? పెట్టి పో."

తిరగలేదు. పెట్టి వచ్చాను. మర్నాడు గిన్నె తోమి పంపింది, ఖాళీగా. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. ఒక బెల్లంముక్కయినా వేసి పంపుతారు.

ఓనరు మాత్రం మారాడు. మారాడంటే టిఫిన్ డబ్బాలు చూడడం మానలేదు. కారు విషయంలో మారాడు. లాకరులోని రెండో తాళం తెచ్చి గుమాస్తా చేతికిచ్చాడు. గడియారాల కొట్లో బిళ్లలు కొనుక్కొచ్చి, ఒకటి తాళంలో వేసి, మిగతావి సొరుగులో పెట్టాడు. తోలు తొడుగు మళ్లీ వెయ్యలేదు. కన్నంలోని లప్పాన్ని సన్న బరమాతో తొలిపించాడు. ఒకరోజు అన్నాలయ్యాక మమ్మల్నందర్నీ చెట్టు కిందికి పిలిచాడు. బిళ్ల తీసి, ఇనప తాళంచెవి లాగి, తలుపు తెరిచి, ఊళ పెడుతుంటే లోపల కూర్చుని, తాళం బొత్తానికి ఆనించి, మొత్తం చేసి చూపించాడు. చేస్తున్నంతసేపూ తన ఇల్లు దోచుకునే దారి తానే చెబుతున్న మనిషిలా ఉన్నాడు. మేం కూడా, ఇదంతా ఎందుకు చూపిస్తున్నాడా, రేపు కారు పోతే మన మీద పెట్టడానికా అని గుసగుసలాడుకున్నాం.

వానలు వెనకబట్టాక ఒకరోజు వదిన వచ్చింది. ఆటో దిగి, కర్ర ఊతంతో, కాలు ఈడ్చుకుంటూ గేటులోకి వచ్చింది. నా ముందు నుంచే నడిచి, నన్ను చూడకుండా, ఓనరు గది గుమ్మంలో నిలబడింది.

"అందరికీ చూపించావంట. నాకు చూపించలా."

"ఏందమ్మా?"

"చచ్చిన తాళం."

ఓనరు లేచాడు. బిళ్ల తీసి చొక్కా జేబులో వేసుకుని తాళం ఇచ్చాడు.

"ఆ బిళ్ల కూడా నా చేతికియ్యి."

ఇచ్చాడు. దాన్ని జాకెట్లో దోపుకుంది. కారు ఎదురుగా నిలబడి నొక్కింది. మళ్లీ నొక్కింది. కారు పలకలేదు. మీట జరిపి తాళంచెవి లాగి, తలుపు దగ్గరికి నడిచింది. మేమంతా పని ఆపి వెనకే వచ్చాం. మిషన్లు కూడా ఎవరో ఆపేశారు.

వంగింది. తాళంచెవి కన్నం దాకా పోయి ఆగింది. తొలిచిన కన్నం చుట్టూ పాత లప్పం సన్నటి అంచులా మిగిలి ఉంది. ఆమె బొటనవేలు ఆ అంచు మీద పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది.

"ఇది నేను పూసిందే" అంది.

"పూయమంది నేనమ్మా" అన్నాడు ఓనరు. "నీదేం లేదు."

ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగింది, ఇన్ని నెలల్లో మొదటిసారి.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ రోజు ఆయన ఆడ తడుముకున్నప్పట్నించి."

"పంచాయితీలో అది కూడా చెప్పుంటే నిన్నెవరూ అనుమానించేవాళ్లు కాదుగా. చెప్పలేదేందే?"

"నువ్వు మంచంలో ఉంటే, నీ చేతి పనే నీకడ్డమొచ్చిందని నా నోటితో ఎట్టా అనేది వదినా?"

ఆమె మళ్లీ ఆ కన్నం వైపు తిరిగింది. "గీత పడింది పూయమన్నాడనుకున్నా. పూశా. మా తమ్ముడొచ్చి కన్నం సంగతి చెప్పిన రోజే నాకనుమానం. గోడకి తిరిగి పడుకుని అదే అనుమానం. ఇంకెవరన్నా పూసుంటారేమో, చూసుకుపోదామని వచ్చా."

తాళంచెవి దూర్చి తిప్పింది. తలుపు తెరుచుకుంది. కారు ఊళ మొదలుపెట్టింది. ఆపడానికి ఎవరూ కదల్లేదు. ఆ మోతలో వదిన నాతో ఏదో అంది, వినపడలేదు. దగ్గరికి పోయాను. నా చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ అడిగింది.

"ఇంకేమేం దాచావే నా కాడ?"

"ఇంకేం లేదు" అన్నాను.

నమ్మలేదు. ఆమె కళ్లు చూస్తే తెలుస్తూనే ఉంది. కానీ కర్ర కారుకు ఆనించి, నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా నా మీదే మోపి షెడ్డులోకి నడిచింది.